ఐదో బోరు

"అయిందేదో అయిపాయ, మర్చిపోప్పా." మా అనంతపురం జిల్లాలో నష్టపోయిన మనిషికి అందరూ చెప్పే మొదటి మాట ఇదే. ప్రేమతోనే చెప్తారు, కాదనను. కానీ ఆ మాట విన్నందుకే నేను రెండోసారి మునిగాను.

మాది కళ్యాణదుర్గం వైపు. చెనిక్కాయ (వేరుశనగ) భూములు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, అదీ అదను చూసి పడదు. కాయ ఊరే టైంలో మొండికేస్తే చివరికి కట్టె మిగులుతుంది, పశువులకు. అందుకే అందరి కన్నూ బోరు మీదే. మా నాయన నాలుగు వేశాడు. ఒక్కటే కొన్నేళ్లు పోసింది. ఆయన పోయాక 2017లో ఐదోది నేను వేశాను.

ఆ రాత్రి ఇప్పటికీ కళ్లముందే ఉంది. నీళ్ల పాయింట్ చూసినాయన అరచేతిలో కొబ్బరికాయ నిలబడింది, అంటే కింద నీళ్లున్నట్టు అని నమ్మకం. 90 అడుగులకే బండ తగిలింది. అక్కణ్నుంచి తెల్లటి దుమ్ము. 500 దగ్గర కాస్త తడి మట్టి వచ్చింది. అమ్మ ఆ ముద్దను చేతిలోకి తీసుకుని, లైటు వెలుతురులో నలిపి నలిపి చూసింది. తర్వాత మళ్లీ దుమ్మే. 600 దగ్గర బోరు లారీ అతను అడిగాడు: "ఏం చేద్దాం అన్నా, ఆపమంటావా?"

"ఇంత దూరం వచ్చినాం కదా, ఇంకో వంద పోనీ" అన్నాను. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుందని తెలిసీ అన్నాను. 810 దగ్గర ఆపాం. చుక్క లేదు.

నీళ్లు పడకపోవడం నా తప్పు కాదు. కింద ఉన్నది గట్టి రాయి, దాని పగుళ్లలో ఉంటేనే నీళ్లు. పగులు తగల్లేదు, అంతే. 600 దగ్గర నా నోటి నుంచి వచ్చిన ఆ మాట మాత్రం నా తప్పే. పోయిన డబ్బు మీద తీపితో ఉన్న డబ్బు కూడా పోశాను.

కానీ ఇదంతా అప్పుడు తట్టలేదు. మర్చిపొమ్మన్నారు, మర్చిపోయాను. రెండేళ్లకు భూమి గుత్తకు తీసుకుని టమాటా పెట్టాను. రేటు పడిపోయాక కూడా "ఇంత పెట్టినాం కదా" అని మందులకు, కూలీలకు మళ్లీ అప్పు. అదే మాట! అప్పటిదాకా మా ఆవిడకు అప్పులో సగమే చెప్పాను. ఒక రాత్రి కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె కోప్పడలేదు. పిల్లల నోట్‌బుక్ తెచ్చి "రాయి" అంది. బోరు ఎన్ని అడుగులు, ఎక్కడ ఆపాల్సింది, ఎవరికి ఎంత ఇవ్వాలి, అన్నీ రాశాం. చేయి వణికింది. కానీ ఎన్నో నెలల తర్వాత ఆ రాత్రే నిద్ర పట్టింది.

ఇప్పుడు చెనిక్కాయలో కంది సాళ్లు వేస్తున్నాం, చేలో కుంట తవ్వించాం. అప్పు ఇంకా ఉంది, తగ్గుతోంది. ఏ పని మొదలుపెట్టినా ముందు ఆ నోట్‌బుక్‌లో ఒక అంకె రాస్తాం. ఇక్కడికి వస్తే ఆపేయాలి అని.

దయచేసి దెబ్బతిన్నవాడితో మర్చిపో అనకండి. పక్కన కూర్చుని ఎక్కడ తప్పిందో చెప్పనివ్వండి. సిగ్గుతో లోపలే దాచుకున్న లెక్కే మనిషిని తినేస్తుంది, అది నేను పడ్డాను.

పోయిన వారం మా బామ్మర్ది ఫోన్ చేశాడు, బోరు వేయాలని. వద్దనలేదు, వాడి కష్టం నాకు తెలుసు. నోట్‌బుక్ తీసుకుని పోయాను. ఆ పేజీ రెండుసార్లు చదివి, కింద తన చేత్తోనే 450 అని రాశాడు. ఆదివారం లారీ వస్తోంది. ఆపేదాకా నేను వాడి పక్కనే నిలబడతాను.