ఆఖరి తీర్పు ఉక్కు గోలీకే వదలాలి

కొత్త కారు ప్రచారంలో భద్రత అంటే ఇప్పుడు లెక్కల పట్టిక. ఎన్ని ఎయిర్‌బ్యాగులు, ఎన్ని కెమెరాలు, ఎన్ని రాడార్లు అన్నదే మాట. ఆ పట్టికలో ఎప్పుడూ చోటు దక్కని, మాయమైనా ఎవరూ అడగని భాగం ఒకటుంది. అదే ఇనర్షియా స్విచ్. ఎన్నో పెట్రోల్ ఇంజెక్షన్ కార్లలో ఇది డిక్కీ పక్క గోడకో, ముందు సీటులో కాళ్లు పెట్టే చోట ప్లాస్టిక్ మూత వెనకో ఉండేది. బండి దేన్నైనా గట్టిగా గుద్దితే ఫ్యూయల్ పంపుకు కరెంటు ఆపేస్తుంది. అంతకు మించి దానికి పని లేదు. చాలా కంపెనీలు ఆ పనిని ఎయిర్‌బ్యాగులను విప్పే చిన్న కంప్యూటర్‌కు, అంటే ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌కు అప్పగించి దీన్ని తీసేశాయి. అలా తీసేయడం తప్పు. ఎలక్ట్రిక్ కార్ల విషయంలో మరీ తప్పు.

పాత కార్బ్యురేటర్ బండ్లలో చాలావాటికి పంపును తిప్పేది ఇంజినే కాబట్టి ఇంజిన్ ఆగితే పెట్రోల్ కూడా ఆగేది. పెట్రోల్‌ను ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ వచ్చాక ట్యాంకులో కరెంటు పంపు చేరింది. పైపు తెగినా అది ఒత్తిడితో తోస్తూనే ఉంటే కాలుతున్న ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. ఈ స్విచ్ పుట్టింది ఆ భయంతోనే.

లోపల ఏముందో చూస్తే ముచ్చటేస్తుంది. గరాటు ఆకారంలో చిన్న గుంట, దాని అడుగున ఒక అయస్కాంతం, దానికి అతుక్కుని ఒక ఉక్కు గోలీ. బండికి దెబ్బ తగిలితే గుంట బండితో పాటు ఆగుతుంది గానీ గోలీ ఆగదు. బ్రేకు పడిన బస్సులో నిలబడ్డ మనిషి ముందుకు తూలినట్టే అదీ ముందుకు పోతుంది. అయస్కాంతం పట్టు విడిపించుకుని, ఏటవాలు గోడ ఎక్కి, పైనున్న పలకను కొడుతుంది. పలక కదలగానే కాంటాక్టులు విడిపోతాయి, సర్క్యూట్ తెగుతుంది. గుంట గుండ్రంగా ఉంటుంది కాబట్టి దెబ్బ ముందు నుంచి వచ్చినా పక్క నుంచి వచ్చినా ఒకటే. పై బటన్ నొక్కేదాకా సర్క్యూట్ మళ్లీ కలవదు.

మరి కారు రోడ్డు గుంతలో పడ్డ ప్రతిసారీ సర్క్యూట్ తెగదా అంటారు. నాకు అన్నిటికంటే నచ్చే భాగం ఇక్కడే ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుందాం. సగటున 14 జి, అంటే భూమ్యాకర్షణకు 14 రెట్ల తోపు పడుతుంది. పొడి రోడ్డు మీద ఎంత గట్టిగా బ్రేకు తొక్కినా మామూలు కారుకు 1 జి దాటడం కష్టం. కాబట్టి బ్రేకుకూ ప్రమాదానికీ మధ్య తేడా పట్టడం తేలికే. చిక్కంతా గుంతతో. చక్రం రాయి అంచును తాకితే క్షణం పాటు అదే 14 జి రావచ్చు. కానీ అది 2 మిల్లీ సెకన్లే ఉంటే, అయస్కాంతం పట్టును పక్కన పెట్టినా గోలీ కదిలేది 0.3 మిల్లీమీటర్లు కూడా కాదు. పలక దాకా చేరే ప్రశ్నే లేదు. అదే తోపు 20 మిల్లీ సెకన్లు సాగితే దాదాపు 27 మిల్లీమీటర్లు కదులుతుంది. సమయం పది రెట్లయితే దూరం వంద రెట్లు! అంటే దెబ్బ ఎంత గట్టిదన్నదే కాదు, ఎంతసేపు ఉందన్నది కూడా గోలీ లెక్కలోకి తీసుకుంటుంది. దీనికి చిప్ అక్కర్లేదు, కోడ్ అక్కర్లేదు, బ్యాటరీ కూడా అక్కర్లేదు.

అవతలి వాదన వినక తప్పదు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌లోని సిలికాన్ సెన్సర్ గోలీ కంటే చాలా సూక్ష్మంగా కొలుస్తుంది. ఎటు నుంచి ఎలాంటి దెబ్బ తగిలిందో పోల్చుకుంటుంది, అనవసరంగా సర్క్యూట్ తెంచడం తక్కువ. పాత స్విచ్‌లు అప్పుడప్పుడు గట్టి కుదుపుకే తెగేవి. పార్కింగ్‌లో వెనక బండి తగిలి తెగితే, బటన్ సంగతి తెలియని ఓనర్ కారు స్టార్ట్ కాక టోయింగ్ బండిని పిలిచేవాడు. నడిరోడ్డు మీద వేగంలో ఉండగా తెగితే అదీ ప్రమాదమే. ఇవన్నీ నిజాలే.

అయితే ఈ నిజాలు చెప్పేది గోలీ ఒక్కటే చాలదని. గోలీ వద్దని కాదు. కంట్రోలర్ మొదటి తీర్పు ఇవ్వనివ్వండి, ఎవరు కాదన్నారు? కానీ దానికే వైరు తెగితే, నీళ్లు దిగితే, సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే దాని మీద అప్పీలు ఎక్కడ? రెండో రక్ష మొదటి దాని మీద ఆధారపడితే అది రెండోది అనిపించుకోదు. దాని దారి వేరుగా ఉండాలి.

ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ ప్యాక్ సాధారణంగా సుమారు 400 వోల్టులో, 800 వోల్టులో ఉంటుంది. ప్రమాద పరీక్షల నియమాలు డీసీలో 60 వోల్టులు దాటితేనే హై వోల్టేజీగా లెక్కిస్తాయి. అందుకే చాలా కార్లలో పైరో ఫ్యూజ్ పెడతారు. కంట్రోలర్ సంకేతం ఇవ్వగానే చిన్న మందుగుండు పేలి రాగి పట్టీని తెంచేస్తుంది. వేగంలో దానికి సాటి లేదు. ప్యాక్‌ను కారుకు కలిపే పెద్ద స్విచ్ అయిన కాంటాక్టర్ మొనలు అతుక్కుపోయినా ఇది తెంచగలదు. కానీ సంకేతం రాకపోతే అది ఉత్త రాగి ముక్కే. గోలీ స్విచ్ 400 వోల్టులను మోయలేదుగా అని కొందరు తోసిపుచ్చుతారు. మోయమన్నదెవరు? ఆ కాంటాక్టర్లను కలిపి ఉంచేది సాధారణంగా 12 వోల్టుల కాయిలే, అంటే కరెంటు పారితే అయస్కాంతమయ్యే తీగచుట్టే. ఆ సన్న వైరు మధ్యలో స్విచ్ పెడితే చాలు. కాయిల్‌కు కరెంటు ఆగితే స్ప్రింగే కాంటాక్టర్‌ను తెరిచి ప్యాక్‌ను విడదీస్తుంది.

ఇది కార్ల గొడవ మాత్రమే కాదు. లిఫ్టు ఏ అంతస్తుకు పోవాలో కంప్యూటర్ చెబుతుంది. అయినా చాలా లిఫ్టుల్లో వేగం హద్దు మీరితే బ్రేకు వేయించేది ఇప్పటికీ తిరుగుతూ బయటికి విచ్చుకునే బరువులే. ప్రెషరైజ్డ్ వాటర్ అణు రియాక్టర్లలో కంట్రోల్ రాడ్లను పైన పట్టి ఉంచేది కరెంటు. అది పోతే రాడ్లు సొంత బరువుతో కిందికి దిగి అణుచర్యను ఆపేస్తాయి. అంత జాగ్రత్తగా కట్టే చోట ఆఖరి మాట భూమ్యాకర్షణకు వదిలితే, ఇంటి ముందు నిలిపే కారులో మాత్రం అప్‌డేట్ కోసం ఎదురుచూసే కోడ్‌కు వదిలాం. పైగా అది ఎందుకు ఆపిందో, అసలు ఆపుతుందో లేదో ఓనర్‌కు తెలిసే దారి లేదు. సర్వీస్ సెంటర్ కంప్యూటర్ తగిలిస్తే తప్ప నోరు విప్పదు. మన సొంత వస్తువు గురించి మనమే ఇంకొకరిని అడిగి తెలుసుకోవడం మనకు అలవాటైపోయింది. నాకు అసలు కోపం ఇక్కడే.

ఇంజినీరింగ్ విద్యార్థులు తామే తయారు చేసిన రేసు కార్లతో పోటీపడే ఫార్ములా స్టూడెంట్ నియమాలు చూడండి. అక్కడ ఎలక్ట్రిక్ కార్లు 600 వోల్టుల దాకా వెళ్లొచ్చు. అయినా ప్రతి కారులో ఇనర్షియా స్విచ్ ఉండి తీరాలి. ఎంతసేపు సాగిందన్నదాన్ని బట్టి 8 నుంచి 11 జి మధ్య దెబ్బకు అది షట్‌డౌన్ సర్క్యూట్‌ను, అంటే తెగితే కారును ఆపేసే సర్క్యూట్‌ను తెంచాలి. చేత్తో రీసెట్ చేసేదాకా తెగే ఉండాలి. ఇంకో షరతు కూడా ఉంది: దాన్ని ఊడదీసి, చేత్తో ఊపి, పనిచేస్తోందో లేదో చూసే వీలు ఉండాలి. విద్యార్థుల రేసు కారుకు పెట్టిన ఈ షరతును కుటుంబాలు ఎక్కే కారుకు ఎందుకు పెట్టలేదో నియమాలు రాసేవాళ్లు చెప్పాలి.