ఐ-20 గారికి, కందుకూరు నుంచి ఒక పొగాకు రైతు రాసుకునేది

అయ్యా ఐ-20 గారూ,

నమస్కారం. తమరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు గానీ మావోడికి సీటు ఇచ్చామని అమెరికా కాలేజీ వాళ్లు పంపిన కాయితంగా తమరు మా ఇంట్లో అడుగుపెట్టిన రోజు నాకు బాగా గుర్తుండాది. ప్రింటు తీయించుకొచ్చి లామినేషన్ చేయిద్దామంటే మావోడు అడ్డం పడ్డాడు, దాని మీద సంతకం పెట్టాలి నాన్నా అని. మా ఇంటామె పసుపు కుంకం పెట్టబోతే మళ్లీ అడ్డం పడ్డాడు. సరే అని బీరువాలో పొలం పాసుపుస్తకం ఉండే చోట పెట్టాం, ఆ చోటు ఎట్టాగూ ఖాళీనే, పాసుపుస్తకం అప్పుడికే బ్యాంకుకి పోయింది మీ కోసం.

నేను అనుకుంది ఏందంటే ఓటరు కార్డు లాగా తమరు కూడా మనిషికి ఒకటే ఉంటారని. చేరి ఏడాది తిరక్కముందే మావోడు ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని కాలేజీ మారితే ఇంకోరు వచ్చారు. ఆ తర్వాత ఏడాదికి ఇంకోరు. ఇప్పుడు నడస్తన్నది మూడో తమరు.

ట్రాన్స్‌ఫర్ అంటే ఏందో నాకు తెలీదని కాదండీ, మా కందుకూరోళ్లకి తెలిసినంత ఎవురికి తెలుస్తాది. మా నాయన నెల్లూరు జిల్లాలో పుట్టాడు, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు మమ్మల్ని ఒంగోలు కిందికి తోశారు, 2022 ఏప్రిల్లో జిల్లాలు చీల్చినప్పుడు మళ్లీ నెల్లూరులో కలిపారు. ఇన్ని ట్రాన్స్‌ఫర్లు అయినా మా గడప ఒక్క అంగుళం జరగలా, మా గేదెకి ఒక్క క్రెడిట్ కూడా పోలా.

మావోడికి పోయినాయి, క్రెడిట్లంటే అక్కడ చదివిన చదువుకి లెక్కంట. మొదటి కాలేజీలో రెండు సెమిస్టర్లు కూర్చుని 18 క్రెడిట్లు చదివితే రెండో కాలేజీ వాళ్లు అటు తిప్పి ఇటు తిప్పి చూసి 6 ఒప్పుకున్నారంట. మిగతా 12 ఏమైనాయిరా అంటే అవి ఇక్కడ చెల్లవు నాన్నా అన్నాడు. నాకు వెంటనే అర్థమైపోయింది, నోబిడ్. మా వేలం కేంద్రానికి బేళ్లు తోలుకుపోతే బయ్యర్లు వచ్చి ఒక గుప్పెడు లాగి చూసి మొహం తిప్పుకుని పక్క బేలు కాడికి పోతారు చూడండి, అట్టా. తేడా ఏందంటే నా నోబిడ్ బేళ్లు నేను ఇంటికి తెచ్చుకుని మళ్లీ గ్రేడ్ చేసుకుని ఇంకో రోజు పెట్టుకుంటా, మావోడి 12 క్రెడిట్లు ఏ ట్రాక్టర్లో తెచ్చుకోమంటారు.

అసలు ఎందుకు మారావురా అంటే మొదట ఫీజు ఎక్కువ అన్నాడు, తర్వాత చలి అన్నాడు, నాలుగోసారి అడిగితే నిజం చెప్పాడు. రూమ్మేట్లు నలుగురూ మారిపోతన్నారంట, వీడొక్కడే మిగిలితే అద్దె కట్టలేడంట. అంటే మాస్టర్స్ ఎక్కడ చదవాలో తేల్చింది ఆ ఇంటి ఓనరు.

పోనీ మారాడు, ఆ మారే తంతు వినాలి మీరు, మీరే చేయించేది అనుకోండి. సెవిస్ అని ఒక కంప్యూటరు ఉండాదంట, పిల్లోడి జాతకం అంతా అందులోనే అంట. కాలేజీ మారినా ఆ సెవిస్ నంబరు మారదు కాబట్టి 350 డాలర్ల ఫీజు మళ్లీ కట్టబన్లేదంట, మొత్తం కథలో నేను విన్న మంచి మాట ఇదొక్కటే. పాత కాలేజీ వాళ్లు రిలీజ్ డేట్ పెడతారు అన్నాడు, పక్క నుంచి మా ఇంటామె ఎవురి సినిమా అనింది. ఆ డేటు దాటినాక పాత కాలేజీకి సంబంధం లేదు, కొత్త కాలేజీ అప్పుడు గానీ కొత్త తమర్ని పుట్టించదు, ఐదు నెలల్లోపల అక్కడ క్లాసులు మొదలవ్వాల. ఇక్కడొక తిరకాసు ఉండాది, వీడు పాత కాలేజీ లైబ్రరీలో గంటకి ఇంత అని పని చేసుకుంటా సరుకులు తెచ్చుకునేవాడు, రిలీజ్ డేటుతో పాటు ఆ పని కూడా రిలీజ్ అయిపోయింది. ఆ మధ్యలో ఏం తిన్నావురా అంటే నూడుల్స్ అని ఒకసారి, డైటింగ్ అని ఒకసారి చెప్పాడు.

ఇంత మధ్యలో కాలేజీలో తమరి కాయితాలు చూసే డీఎస్ఓ అని ఒక పెద్దమనిషి ఉంటారు, ఆయన సంతకం లేకుండా తమరు చెల్లరు. మెయిల్ పెడితే ఐదు బిజినెస్ డేస్ అంట. మా మాలకొండ నరసింహస్వామి కూడా శనివారం ఒక్కరోజే దర్శనం ఇస్తాడు, కానీ ప్రతి శనివారం ఖచ్చితంగా ఇస్తాడు.

ఇంక బ్యాంకు సంగతి. లోను శాంక్షన్ అయింది మొదటి కాలేజీ పేరు మీద, డబ్బులు పోవాల్సింది రెండో కాలేజీకి. మేనేజరు గారు కళ్లజోడు పైకెత్తి ఏందయ్యా మీవోడు చదువుతున్నాడా తిరుగుతున్నాడా అన్నాడు. పాస్‌పోర్టులో వీసా మీద మొదటి కాలేజీ పేరు, తమరి మీద రెండోది, అదేందంటే అట్టా ఉన్నా చెల్లుతుందంట, మేనేజరుకి ఇది ఒప్పజెప్పేలోపల నా చెప్పులు అరిగినాయి.

రెండోసారి మారినప్పుడు కోర్సు కూడా మార్చాడు. కంప్యూటర్స్ నుంచి ఏదో మేనేజ్‌మెంటు. మొదటి రోజు నుంచే సీపీటీ ఇస్తారు నాన్నా, పని చేసుకుంటా చదువుకోవచ్చు అన్నాడు. ఆ మాట వినంగానే నాకు కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే దొంగ యూనివర్సిటీని మూయించినప్పుడు మన పిల్లల్లో కొంతమంది కాళ్లకి రేడియో ట్యాగులు తగిలించింది టీవీలో చూశాంగా. మేము ఒంగోలు గిత్త చెవికి ట్యాగు వేసేటప్పుడు కూడా వీపు నిమురుతాం. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అని ఇంకోటి, దానికి క్లాసుల్లేవు పంతుళ్లు లేరు, పెట్టింది సాక్షాత్తూ అక్కడి గవర్నమెంటోళ్లే, పిల్లల్ని పట్టుకోడానికి. తమరిలో కూడా దొంగ తమరు ఉంటారని అప్పుడే తెలిసింది. ఇది అట్టాంటిది కాదు నాన్నా అంటాడు మావోడు. నిజమేనేమో. కానీ సీపీటీ ఫుల్ టైము పన్నెండు నెల్లు వాడేస్తే చదువైనాక పని చేసుకోనిచ్చే ఓపీటీ పోతుందంటగా అని నేను అడిగా, లైను కాసేపు మూగబోయింది. నీకెవురు చెప్పారు అన్నాడు. నాకు పొగాకు క్యూరింగ్ చేసే బ్యారన్ ఉండాదిరా, పొగాకు బోర్డు రూల్సు చదివినోడికి మీ రూల్సు ఒక లెక్కా అన్నా. అయినా మా బోర్డు ఇచ్చిన లెక్క కంటే ఎక్కువ పండిస్తే ఫైను, మీకేమో మావోడి కాలేజీలో సెమిస్టరుకి 9 క్రెడిట్ల కంటే తగ్గితే తప్పు.

నా అర్జీ చిన్నదండీ. పిల్లోడు ఇల్లు మారితే పది రోజుల్లో కొత్త అడ్రసు తమరి సెవిస్‌లో ఎక్కించాలంట. ఎక్కిస్తన్నాడు కూడా, భయం అట్టాంటిది. మాకు చెప్పమని మాత్రం ఏ రూలూ లేదు. మూడో కాలేజీ సంగతి నాకు తెలిసింది కూడా బ్యాంకు మేనేజరు ఫోన్ చేస్తేనే. ఫోన్ చేస్తే షిఫ్టులో ఉన్నా నాన్నా అంటాడు, ఏ ఊళ్లో షిఫ్టు అని అడిగేలోపల పెట్టేస్తాడు.

వాళ్లమ్మ గోంగూర పచ్చడి, అరిసెలు డబ్బాకి ఎత్తి రెండు వారాలైంది. కొరియర్ వాళ్లు అడ్రసు రాయందే తీసుకోం అంటన్నారు. తమరి సెవిస్‌లో ఆ ఒక్క లైను ఫోటో కొట్టి పంపండి, జిప్ కోడ్ కనపడేట్టు.

ఇట్లు,
తమరి మూడు కాపీలూ జిరాక్స్ తీయించి దాచుకున్న ఒక తండ్రి