ఊరు తిరిగొచ్చిన గ్యాస్ బండ

దేవరకొండ పక్కన మా ఊళ్లో, మా అమ్మ వంటింట్లో ఒక శాసనం నడుస్తుంది. పాలు పిడకల దాలిలోనే కాగాలి. జొన్నరొట్టె సర్కారు తుమ్మ నిప్పుల మీదే పొంగాలి. స్నానాల నీళ్లకు పత్తికట్టె. పత్తి ఏరడం అయిపోయాక చేలో పీకిన కట్టెను ఇంటి వెనక మోపులుగా పేరుస్తారు, దానికి ఎవరికీ పైసా ఇవ్వక్కరలేదు. మరి గ్యాస్ దేనికి? చుట్టాలు వస్తే చాయ్‌కి.

1999లో దీపం పథకం వచ్చిన కొత్తలో డ్వాక్రా సంఘం పుణ్యమా అని అమ్మకు కనెక్షన్ దొరికింది. అప్పటి నుంచి స్టవ్వు మీద పూల గుడ్డ, మూలన నిండు బండ మీద ఇంకో పూల గుడ్డ. హైదరాబాదు నుంచి వెళ్లినప్పుడల్లా పొగ, కళ్లమంట, ఊపిరితిత్తులు అంటూ నేనో ఉపన్యాసం ఇస్తాను. అమ్మ ఓపికగా విని, ‘‘బండ దిగిన రోజు మొత్తం డబ్బు నా చేతి నుంచే పోవాలి. సర్కారు ఇచ్చేది తర్వాత ఎప్పుడో ఖాతాలో పడుతుంది. కట్టెకు ఖాతా ఉందా?’’ అంటుంది. నేను చదివిన చదువులో దీనికి జవాబు లేదు.

2024లో 500 రూపాయల బండ వచ్చినప్పుడు నా వాదనకు బలం వచ్చిందనుకున్నాను. తీరా చూస్తే, గడిచిన మూడేళ్లలో సగటున ఎన్ని వాడితే అన్నింటికే ఆ ధర. ఏళ్ల తరబడి పొదుపు చేసిన అమ్మ, సర్కారు లెక్కల్లో గ్యాస్ అవసరం లేని మనిషిగా తేలింది.

ఇక అసలు సంగతి. మొన్న శ్రావణంలో చెల్లెలి పెళ్లిచూపులు. మహబూబ్‌నగర్ నుంచి ఎనిమిది మంది వస్తున్నారు. ముందురోజు రాత్రి నుంచి ఒకటే ముసురు. కట్టెలు నాని ముద్దయ్యాయి. ఎంత ఊదినా పొయ్యిలోంచి పొగే తప్ప మంట రాలేదు. అమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. ‘‘ఇలాంటి రోజు కోసమే కదా దాచింది’’ అంటూ గుడ్డ తీసి స్టవ్వు వెలిగించింది. నీలి మంట రెండు నిమిషాలు వెలిగి, ఎర్రబడి, ఆరిపోయింది. పర్వాలేదు, మూలన నిండు బండ ఉంది. దాని మీది గుడ్డ తీస్తే కింద ఉన్నది బియ్యం డబ్బా.

నాన్న దూలాలు లెక్కపెడుతున్నాడు. ‘‘పక్కింటి వాళ్లు అడిగితే చేబదులు ఇచ్చాను’’ అన్నాడు కాసేపటికి.

పక్కింటి చిన్నమ్మ దగ్గరికి పరుగెత్తాను. ‘‘మా తోటికోడలి ఇంట్లో బారసాల అంటే ఇచ్చాను బిడ్డా’’ అంది. బారసాల వంటవాళ్లు కట్టెల పొయ్యే కావాలన్నారట, ఆ ఇంటివాళ్లు బండను కిరాణా కొట్టు వాళ్లకు ఇచ్చారు. వాళ్లు చెరువు కట్ట పక్కన పెద్దమ్మకు ఇచ్చారు. పెద్దమ్మ గుమ్మంలోకి వెళ్లేసరికి ఆమె తడి కట్టెల ముందు కూర్చుని గొట్టంతో ఊదుతోంది, కళ్ల వెంట నీళ్లు ధారలు. ఆమె వెనకే మా బండ. తెల్ల మూత, దాని మీది సీలు చెక్కుచెదరలేదు. నాలుగిళ్లు తిరిగినా ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు.

‘‘పెద్దమ్మా, గ్యాస్ పక్కన పెట్టుకుని ఈ అవస్థ ఏమిటి?’’

‘‘అది కాల్చేస్తే రేపు చుట్టాలు వస్తే ఎట్లా బిడ్డా?’’

లోపల గ్యాస్ 14.2 కిలోలే. ఇనుముతో కలిపి 30 కిలోల దాకా తూగుతుంది. దాన్ని భుజానికెత్తుకుని బురదలో వస్తుంటే పక్కనే కారు ఆగింది. అద్దం దించి ఒక పెద్దాయన మా నాన్న పేరు చెప్పి ఇల్లు ఎక్కడని అడిగాడు. ‘‘అక్కడికే వెళ్తున్నా, నా వెనకే రండి’’ అన్నాను. కారు నెమ్మదిగా నా వెంట నడిచింది. వాకిట్లో బండ దించగానే ఆయన జాలిగా చూసి, వద్దంటున్నా వినకుండా నా చేతిలో 50 రూపాయల నోటు పెట్టాడు.

పావుగంట తర్వాత పొడి చొక్కా వేసుకుని చాయ్ పళ్లెంతో వెళ్లాను. ‘‘మా పెద్దవాడు, హైదరాబాదులో ఇంజనీరు’’ అని నాన్న పరిచయం చేశాడు. పెద్దాయన చాయ్ కప్పులోకే చూస్తూ కూర్చున్నాడు.

సంబంధం కుదిరింది. వాళ్ల కారు మలుపు తిరగకముందే అమ్మ బండ మీద పూల గుడ్డ కప్పేసింది. ‘‘నిశ్చితార్థానికి ఉంటుంది’’ అంది. తర్వాత నా వైపు చేయి చాచింది.

‘‘ఆ యాభై ఇటు ఇవ్వు. వచ్చే బండ డబ్బుల్లో కలుపుతాను.’’