రక్తదాతకు శాలువా వద్దు, తేదీ ఇవ్వండి

రక్తం ఇవ్వడానికి జనం ఎందుకు వెనకాడుతున్నారని ఎప్పుడు అడిగినా సిద్ధంగా ఉండే జవాబు ఒక్కటే: భయం, అపోహలు. ఆ జవాబును పట్టుకునే పోస్టర్లు వేస్తారు, సదస్సులు పెడతారు, ఏటా జూన్ 14న, ప్రపంచ రక్తదాతల దినం నాడు, ఉపన్యాసాలు ఇస్తారు. జనానికి తెలియక కాదు, మనం అడిగే తీరే తప్పు అంటాను నేను.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో రక్తనిధుల ముందు జనం గంటల తరబడి బారులు తీరారు. అంతకుముందు ఒక్కసారి కూడా రక్తం ఇవ్వనివారు వారిలో ఎందరో. సూది అదే, నొప్పి అదే. మరి ఆ వారం భయం ఏమైపోయింది? ఇంకో చేదు నిజం కూడా ఉంది. శిథిలాల నుంచి ప్రాణాలతో బయటపడి రక్తం అవసరమైనవారు చాలా కొద్దిమంది. మామూలుగా చల్లగా నిల్వచేసిన ఎర్ర రక్తకణాలను 42 రోజులకు మించి వాడలేరు. దాంతో అంత ఆవేశంగా ఇచ్చిన రక్తంలో చాలా భాగాన్ని పారబోయాల్సి వచ్చింది.

అంటే ఘన సందర్భం వస్తే భయం అడ్డు రాదు. సందర్భం లేని మామూలు మంగళవారం నాడే అడుగు పడదు. రక్తం అవసరమయ్యేది మాత్రం సరిగ్గా అలాంటి రోజుల్లోనే. పుట్టుకతోనే రక్తం సరిగా తయారుకాని జబ్బు, తలసేమియా, తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. కాన్పు తర్వాత రక్తస్రావం ముహూర్తం చూసుకుని రాదు. క్యాన్సర్ రోగులకు ఎక్కించే ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు, అయిదు నుంచి ఏడు రోజులే నిలుస్తాయి. పోయిన నెల పోటెత్తిన దాతలు ఈ నెల రోగికి అక్కరకు రారు. వీటిలో ఏ ఒక్కటీ వార్త కాదు. వార్త కానిదాని కోసం కదలడం మనం ఎవరికీ అలవాటు చేయలేదు.

చేసిందల్లా పొగడటమే. దాతను ప్రాణదాత అన్నాం, దేవుడన్నాం, శాలువా కప్పి ఫొటో తీశాం. అంత పెద్ద మాటలు వింటే సామాన్యుడికి కలిగే ఆలోచన ఒకటే: ‘అది గొప్పవాళ్లు చేసే పని, నావంతు ఎప్పుడైనా వస్తే చూద్దాం.’ ఒకవేళ ధైర్యం చేసి వెళ్లినా హిమోగ్లోబిన్ తక్కువుందని వెనక్కి పంపిస్తే? చాలాచోట్ల డెసిలీటరు రక్తానికి 12.5 గ్రాములు ఉండాలంటారు. అది ఆనాటి కొలత మాత్రమే, మందులతో, తిండితో సరయ్యేదే. కానీ వీరుడిగా బయల్దేరిన మనిషికి అది పరాజయంలా తోస్తుంది. మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పేవారూ ఉండరు. అలా వెనుదిరిగినవారిలో చాలామంది ఇక ఆ గుమ్మం తొక్కరు.

భయం నిజం కాదా అని అడగవచ్చు. నిజమే. కొందరికి కళ్లు తిరుగుతాయి. ముందుగా అర లీటరు నీళ్లు తాగడం, కాళ్ల కండరాలు బిగించి వదలడం చాలావరకు పనిచేస్తాయి. ఇచ్చిన రక్తంలోని ద్రవభాగం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది గానీ, ఒక్కసారికి 200 మిల్లీగ్రాములకు పైగా పోయే ఇనుము తిరిగి చేరడానికి నెలలు పడుతుంది. ఏమీ కాదని బుకాయించే బదులు ఈ మాటే దాతకు చెప్పాలి. ఇక డబ్బిస్తే సరి అనేవారికి: డబ్బు అవసరమున్నవాడు రోగం దాచే ప్రమాదం ఉంది. 1975లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు కూర్చునే ప్రపంచ ఆరోగ్య సభ స్వచ్ఛంద, ఉచిత రక్తదానం వైపు మొగ్గింది ఊరికే కాదు.

స్వీడన్‌లో దాత రక్తాన్ని రోగికి వాడినప్పుడు అతని ఫోనుకు చిన్న సందేశం వస్తుంది. అందులో దండలు, బిరుదులు ఉండవు. మీ రక్తం పనికొచ్చిందన్న కబురు, అంతే. దాతను తోటి పౌరుడిగా చూడటమంటే ఇదే.

పొగడ్తతో సరిపెట్టే ఈ జబ్బు రక్తనిధితో ఆగదు. 2020లో కరోనా వేళ ఎన్నో దేశాల్లో నర్సులకు చప్పట్లు కొట్టారు; చప్పట్లు ఆగాక జీతాలు, పని గంటల మాటెత్తితే వినే చెవి లేకపోయింది. వ్యవస్థ చేయాల్సిన పనిని వ్యక్తుల త్యాగం మీదికి నెట్టేయడానికి పొగడ్తను మించిన చవకైన సాధనం లేదు. దాతను ఆకాశానికెత్తితే ఇక రక్తనిధి సాయంత్రం తెరిచి ఉంచనక్కర్లేదు, ముందుగా సమయం కేటాయించనక్కర్లేదు, వెనక్కి పంపినవారికి ఫోను చేయనక్కర్లేదు. కొరత వచ్చిన ప్రతిసారీ జనంలో స్పృహ లేదని ఒక ప్రకటన పడేస్తే చాలు.

శిబిరం నిర్వాహకులను ఎన్ని యూనిట్లు సేకరించారని అడిగితే ఠక్కున చెబుతారు. పోయినసారి ఇచ్చినవారిలో ఎంతమంది మళ్లీ వచ్చారని అడిగి చూడండి. ఆ లెక్క రాసుకునే గడి వారి రిజిస్టరులో ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది.