చక్రాలు లేని ఇల్లు

కాలిఫోర్నియాలో పాత క్యాంపరు ఒకటి చవకగా దొరికిందని కొనేశాను. పికప్ ట్రక్కు వీపున కూర్చోబెట్టే బుల్లి ఇల్లు అది. పడక, పొయ్యి, సింకు అన్నీ ఉన్నాయి, చక్రాలు తప్ప. బరువు 2,800 పౌండ్లు. కొన్న తరువాత నా పికప్ తలుపు చట్రానికి అంటించిన స్టిక్కరు చదివాను. మనుషులు, సామాను కలిపి అది మోయగలిగింది 1,400 పౌండ్లు. ఆ స్టిక్కరును కొనకముందే చదివే మహానుభావులు కూడా ఉంటారట.

మోయలేకపోతే లాగుదాం అనుకున్నాను. రెండేళ్ల కిందట ఒక మిత్రుడి దగ్గర కొన్న ట్రెయిలరు పెరట్లో తుప్పు పడుతూ ఉంది. దాని మీద క్యాంపరును ఎక్కించి పట్టీలు బిగిస్తే సరి. సందేహమల్లా ఒకటే. ఇంటికి నంబరు ప్లేటు ఉండాలా?

మామయ్యగారిని వెంటబెట్టుకుని రిజిస్ట్రేషన్ కార్యాలయానికి వెళ్లాను. రసీదు, ఫొటోలు, వెడల్పు 102 అంగుళాలు దాటలేదని రుజువుగా టేపు పట్టుకుని దిగిన ఫొటో కూడా తీసుకెళ్లాను. కౌంటరులోని ఆవిడ ఆ ఫొటోను కాసేపు చూసింది.

“దీనికి చక్రాలున్నాయా?”

“లేవండి.”

“ఇరుసు?”

“అదీ లేదు.”

“అయితే ట్రెయిలరు మీద ఉన్నంతసేపూ ఇది సరుకే. మీ ఇంట్లో సోఫాకు ప్లేటు ఉందా?”

అంత డబ్బు పోసి కొన్నదాన్ని సోఫాతో పోల్చినందుకు కొంచెం నొచ్చుకున్నాను గానీ, ఖర్చు తప్పిందని లోలోపల పొంగిపోయాను. లైసెన్సు సంగతీ తేలిపోయింది. ట్రెయిలరు గరిష్ఠ బరువు 7,000 పౌండ్లే, 10,000 దాటలేదు కాబట్టి నా మామూలు లైసెన్సు చాలు. మామయ్యగారు గొంతు సవరించుకుని, ప్రయాణంలో లోపల పడుకోవచ్చా అని అడిగారు. కుదరదంది. ఆయన చంకలో దిండు ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది.

“సరే, ట్రెయిలరు కాగితాలు ఇవ్వండి” అందావిడ.

నేను మామయ్యగారి వైపు చూశాను. ఆయన దిండు వైపు చూశారు. చక్రాలున్నది దానికే కదా! కొన్న 10 రోజుల్లో పేరు మార్పించుకోవాల్సిన బండి రెండేళ్లుగా మిత్రుడి పేరు మీదే ఉంది. ఇక్కడ ట్రెయిలరుకు శాశ్వత ప్లేటు ఇస్తారు గానీ, 5 ఏళ్లకోసారి రుసుము కట్టాలి. ఆ గడువు కూడా ఎప్పుడో దాటిపోయింది. పెరట్లో నిలబడి ఉన్నంతకాలం అది తన వయసు గురించి నాతో ఒక్క మాటైనా అనలేదు. జరిమానాల లెక్క రెండు కాగితాల మీద వచ్చింది.

మొత్తానికి ప్లేటు వచ్చింది, ట్రెయిలరు వెనక బిగించాను. ఆ శనివారమే బయలుదేరాం. దేన్నైనా లాగుతున్నప్పుడు గంటకు 55 మైళ్లు దాటకూడదు కనుక, దారిన పోయే ప్రతి కారూ మమ్మల్ని దాటుకుంటూ పోయింది. ఒక్కటి మాత్రం దాటలేదు. దాని నెత్తిన దీపాలు వెలుగుతున్నాయి.

“ట్రెయిలరు ప్లేటు ఏదీ?” అన్నాడు పోలీసు అధికారి.

“వెనకే ఉందండి!” అంటూ గర్వంగా దిగాను. క్యాంపరు తోక ట్రెయిలరును దాటి రెండడుగులు వెనక్కి వేలాడుతోంది. ప్లేటు దాని కింద చీకట్లో ఉంది. మోకాళ్ల మీద కూర్చుని ఫోను టార్చి వేసి చూపించాను.

ఆయన వంగి చూసి, “దారంతా ఇలాగే పట్టుకుంటారా?” అన్నాడు.

ముందు సీటు కిటికీలోంచి మామయ్యగారు దిండుతో సహా తల బయటపెట్టారు. “అల్లుడుగారూ, లోపల కూర్చుని టార్చి నేను పట్టుకుంటానని చెప్పండి!”