పన్నుల శాఖకి అప్పగింతలు

వాషింగ్టన్‌లో మా లా ఫర్మ్ నుంచి ఒక సీనియర్ పార్ట్‌నర్ ట్రెజరీలో, అంటే అమెరికా ఆర్థిక శాఖలో, పన్ను విధానం చూసే పెద్ద పదవికి వెళ్తున్నారు. దేశం కోసం ఆయన చేస్తున్న త్యాగం గురించి నాలుగు మాటలు రాయడం నా ధర్మం.

ముందు జీతం సంగతి. ఇక్కడి పెద్ద ఫర్ముల్లో నిన్నగాక మొన్న లా కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడికే ఏడాదికి 2,25,000 డాలర్లు. ట్రెజరీలో అసిస్టెంట్ సెక్రటరీ అంతటివాడికి రెండు లక్షల లోపే. అంటే తన ఫైళ్లు మోసిన కుర్రాడి కంటే తక్కువకి ఆయన దేశసేవ చేయబోతున్నారు. వీడ్కోలు సభలో ఈ అంకె వినగానే ఒకావిడ కళ్లు తుడుచుకున్నారు. కాసేపటికి అకౌంట్స్ నుంచి మెయిల్ వచ్చింది, ఆ అరగంట ఏ క్లయింటు ఖాతాలో రాయాలని. మా దగ్గర క్లయింటు బిల్లుకి ఆరు నిమిషాలకో లెక్క, ప్రతి పనికీ ఒక కోడ్. కన్నీళ్లకి ఇంకా కోడ్ పెట్టలేదు.

చట్టంలో లొసుగులు వెతికి, వాటిలోంచి కంపెనీలని క్షేమంగా దాటించడమే ఇన్నేళ్లూ ఆయన వృత్తి. ఇప్పుడు ఆ లొసుగులు మూసే పని ఆయనకే అప్పజెప్పారు. ఎక్కడెక్కడున్నాయో ఆయన కంటే ఎవరికి తెలుసు?

నియమాలు లేవా అంటారేమో. బోలెడున్నాయి. పాత ఫర్మ్‌కి సంబంధం ఉన్న ఫలానా కేసు వస్తే ఆయన తలదూర్చకూడదు. దేశంలోని కంపెనీలన్నిటికీ వర్తించే నిబంధన రాస్తే మాత్రం అది ‘ఫలానా’ కిందికి రాదు. ఒక్క క్లయింటుకి మేలు చేస్తే అక్రమం, ఆ వరసలో వాళ్లందరికీ కలిపి చేస్తే ప్రభుత్వ విధానం.

ఇక షేర్లు. పదవి కోసం అమ్మాల్సి వస్తే లాభం మీద పన్ను పడుతుంది కదా, పాపం. చట్టానికీ జాలేసి సెక్షన్ 1043 పెట్టింది. ప్రభుత్వ నైతికతా కార్యాలయం ఒక సర్టిఫికెట్ ఇస్తుంది. వచ్చిన డబ్బు 60 రోజుల్లో ప్రభుత్వ బాండ్లలోనో, తగిన మ్యూచువల్ ఫండ్లలోనో పెడితే పన్ను ఇప్పట్లో కట్టక్కర్లేదు. 2006లో హెన్రీ పాల్సన్ గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు వదిలి ట్రెజరీ సెక్రటరీగా, అంటే ఆర్థిక మంత్రిగా, వెళ్తూ దాదాపు 50 కోట్ల డాలర్ల షేర్లు అమ్మినప్పుడు అక్కరకొచ్చింది ఈ వెసులుబాటే. పన్నుల పెద్దాయన ఆఫీసులో అడుగుపెట్టే ముందు పన్ను కట్టడం అశుభం కాబోలు.

ఈ సంగతి యాష్‌బర్న్‌లో ఉండే మా బావమరిదికి చెప్పాను. కంపెనీ వాడికిచ్చే షేర్లలో కొన్ని, ఖాతాలో పడేలోపే పన్ను కింద పోతాయి. "నేనూ దేశసేవ చేస్తాను బావా, ఆ ఫారం ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. హెచ్‌1బీ వాళ్లకి ఆ కౌంటర్ లేదని చెప్పాను.

వీడ్కోలు సభ అచ్చం అప్పగింతల్లా జరిగింది. తేడా ఏంటంటే, ఈ పిల్ల పుట్టింటికి తిరిగొస్తుందని అందరికీ తెలుసు. తలుపు మీద పేరు తీయొద్దని పైనుంచి మాట వచ్చింది. వచ్చాక ఒక ఏడాది పాటు ఆయన తన పాత శాఖ గుమ్మమెక్కి ఏదీ అడగకూడదట. అడగడానికి వెళ్లేవాడి పక్కన కూర్చుని ఏం అడగాలో చెప్పొచ్చు. నిబంధన రాసిన చెయ్యే దాని అర్థం విప్పి చెబితే ఫీజు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది మరి.

ప్రస్తుతానికి ఒకటే చిక్కు. ట్రెజరీ కొత్త నిబంధన ముసాయిదా మీద మా అభ్యంతరాల లేఖ ఆయనే దగ్గరుండి రాయించారు. గడువు వచ్చే నెల. సంతకం ఎవరిదని జూనియర్ అడిగింది. నాది పెట్టమన్నాను. ఎవరికి పంపాలని అడిగింది. ఆయనకే. ఆ అమ్మాయి ఇంకోసారి చదివి, మూడో పేరాలో వాదన కాస్త బలహీనంగా ఉంది, మార్చనా సార్ అంది.

ముట్టుకోవద్దన్నాను. అది ఆయనకి బాగా నచ్చిన పేరా.