మా ఇంట్లో చిలుముకే విలువ

మనిషికి వయసు మళ్లితే మూల గది, ఇత్తడికి వయసు మళ్లితే గాజు అలమర. ఈ సంగతి గ్రహించాక పాత సర్వే పరికరాలు సేకరించడం మొదలుపెట్టాను. మా హాల్లో సోఫా ఉండాల్సిన చోట మూడుకాళ్ల స్టాండు మీద థియోడొలైటు, అంటే సర్వేలో కోణాలు కొలిచే దుర్భిణి, ఉంటుంది. అందులోంచి చూస్తే చుట్టాలు తలకిందులుగా కనిపిస్తారు. పాతవాటిలో బొమ్మ అలాగే కనిపిస్తుంది. కొందరు చుట్టాలకు అదే నప్పుతుంది.

"ఇదెందుకండీ?" అన్నవాళ్లకు ఇంగ్లీషు సర్వేయరు లాంబ్టన్ దొర కథ చెబుతాను. 1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల ఆధార రేఖ కొలవడం మొదలుపెట్టి, దేశాన్నే కొలవడానికి త్రిభుజాలుగా కోసినవాడు. ఆయన థియోడొలైటు బరువు అర టన్ను. లండన్ నుంచి వస్తుంటే ఫ్రెంచివాళ్లు ఓడతో సహా పట్టుకుని, అదేమిటో తెలిశాక మర్యాదగా పంపేశారు. 1808లో తంజావూరు పెద్ద గుడి మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది. దొర గుడారంలో కూర్చుని ఆరు వారాలు దాని వంకరలు తీశాడు. ఈపాటికి చుట్టాలు చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు.

నా మొదటి థియోడొలైటు మీద 'కుక్, ట్రౌటన్ అండ్ సిమ్స్, లండన్, 1885' అని చెక్కి ఉంది. కొన్నాక తెలిసింది, కుక్ వాళ్లూ ట్రౌటన్ వాళ్లూ ఒకే కంపెనీగా కలిసింది 1922లోనని. పెళ్లికి ముప్పై ఏడేళ్ల ముందే పుట్టిన బిడ్డన్నమాట. పుట్టిల్లు ఉత్తరాఖండ్‌లోని రూర్కీ అయ్యుంటుంది. అక్కడ అసలైన సర్వే పరికరాలతో పాటు, తాజాగా పోతపోసిన పురాతన వస్తువులూ తయారవుతాయి. పరువు కోసం తారీఖు ఉన్న వైపు గోడకు తిప్పి పెట్టాను.

రెండోది మాత్రం అసలుదే. పాత వస్తువులు సేకరించేవాళ్ల లోకంలో ఒక్కటే ధర్మం: చిలుము ముట్టుకోకూడదు. మెరిస్తే ధర పడిపోతుంది. సంక్రాంతి ముందు అమ్మ బిందెలతో పాటు దాన్నీ చింతపండేసి తోమింది. కోణాలు చదివే గీతలు వెంట్రుక కన్నా సన్నంగా వెండి వలయం మీద ఉంటాయి. "ఏవో గీతలు పడ్డాయిరా, పోయేదాకా రుద్దాను" అంది.

ఇక మిగిలింది భూమి కొలిచే గొలుసు. నూరు లింకులు, 66 అడుగులు, ఇత్తడి పిడులు, పది లింకులకో ఇత్తడి బిళ్ల. మా స్థలం వెడల్పు కూడా దస్తావేజులో సరిగ్గా 66 అడుగులే. పక్కింటాయనతో గోడ తగాదా ముదిరినప్పుడు గంభీరంగా గొలుసు పరిచాను. స్థలం అయిపోయింది, గొలుసు ఇంకా మూడంగుళాలు మిగిలింది. ఆక్రమణ రుజువైంది!

గొలుసు వాడేకొద్దీ కీళ్లు అరిగి సాగుతుందని, సాగిన గొలుసుతో కొలిస్తే ఎవరి భూమైనా తగ్గుతుందని నాకు తెలుసు. చెప్పలేదు.

ఆయన ఏమాత్రం తొణక్కుండా, "మాస్టారూ, అదే చేత్తో మాదీ కొలవండి" అన్నాడు. ఆయనదీ 66 అడుగులే. ఆయనకీ మూడంగుళాలు తగ్గింది.

ఇప్పుడు మేమిద్దరం ఒక్కటయ్యాం. రేపు పొద్దున్నే గొలుసు పట్టుకుని ఆయన అవతలి ఇంటికి వెళుతున్నాం.